దుకాణంలో దొరకని ఇంటిపేరు

నత్సుహోకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను పెరిగినట్టు తన కూతురు పెరగడం. ఆరుగురు పిల్లలు పడుకునే గది, మంచం కోడుకు అంటించిన పేరు చీటీ, ఆదివారమైతే ఎవరైనా చూడ్డానికి వస్తారేమోనని గేటు దగ్గర పడిగాపులు. తల్లి బతికుండగానే అనాథాశ్రమంలో పెరిగిన మనిషి ఆమె. అందుకే ప్రభుత్వం పేరున్న కవరు ఏది ఇంటికొచ్చినా, ఏడేళ్ళ ఇరోహను తీసుకుపోవడానికే వచ్చిందనిపించేది.

ఆ సోమవారం పొద్దున్న అలాంటి కవరే వచ్చింది.

అప్పటికి ఆమె వంటింట్లో పదకొండు మందికి మిసో సూప్ కాస్తోంది. ఒసాకాలో ఓడరేవు కూలీలు ఒకప్పుడు రోజు అద్దెకు దిగిన మూడంతస్తుల సత్రం అది. ఇప్పుడు దాని పేరు హిదమారి. పై రెండు అంతస్తుల్లో, మూడు చాపలు పరిస్తే నిండిపోయే గదుల్లో, ప్రభుత్వ భృతి మీద బతికే ముసలివాళ్ళు ఉండేవారు. కింద అంతస్తులో వీళ్ళ కుటుంబం: నత్సుహో, భర్త కోహెయ్, కూతురు, ఇల్లు నడిపే అత్తగారు తొమి.

తొమి గరిటె పెట్టి సూప్ ఒకసారి కలిపింది.

"ఇందులో టోఫు ఏదీ? భూతద్దం ఇచ్చి వెతుక్కోమందామా వాళ్ళని?"

"నిన్న మీరే సగం వెయ్యమన్నారు కదా అత్తయ్యా."

"నేనంటే మాత్రం నువ్వు వినెయ్యడమేనా? ఎనిమిదేళ్ళయింది వచ్చి, ఒక్కసారైనా కోడల్లాగా ఎదురు చెప్పవేమే. నాకు ఊసు పోవద్దూ."

నత్సుహో నవ్వింది. అత్తగారి మాటలకు నవ్వకుండా ఉండటం ఆమెకు చేతకాదు. పన్నెండేళ్ళకే బడి మానేసి, పదిహేడేళ్ళకు కడుపుతో ఈ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు, తొమి ఆమెను ఎగాదిగా చూసి, "ముందు లోపలికి రా, నువ్వక్కడ నిలబడితే లోపలున్న దానికి చలేస్తుంది" అంది. ఎవరి పిల్లవి, ఏం చదివావు అని అడగలేదు. ఆ ఒక్క మాటకు నత్సుహో జీవితాంతం ఊడిగం చెయ్యడానికి సిద్ధపడింది.

కవరు చింపి, ఫ్రిజ్ పక్కన నిలబడే చదివింది తొమి. చదివి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"ఏమిటత్తయ్యా అది?"

"ఏముంటుంది. భృతి తీసుకునే ముసలాళ్ళని పీక్కుతినేవాళ్ళకి ఇకమీదట జైలంట. మంచిదేగా. పెట్టమను." గిన్నె మూత పెట్టి చేతులు తుడుచుకుంది. "గురువారం వార్డు ఆఫీసు నుంచి ఎవరో వచ్చి చూసిపోతారంట. ఇలాంటిదేదో వస్తుందని కొత్త ఒప్పందం కాగితాలు ముందే తెప్పించాను, అల్మరాలో ఉన్నాయి. ఇవాళే ముద్రలు వేసెయ్."

నత్సుహోకు అందులో తప్పేమీ కనిపించలేదు. పైన ఉండేవాళ్ళ పాస్‌బుక్కులు, సంతకానికి బదులు వాడే పేరు ముద్రలు ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి ఆమె దగ్గరే ఉంచేవారు. ముసలాళ్ళు పారేసుకుంటారని తొమి చెప్పేది, నిజంగానే పారేసుకునేవారు. పోయినప్పుడల్లా నత్సుహో వంద యెన్ల దుకాణానికి వెళ్ళి, గిర్రున తిరిగే స్టాండులోంచి ఆ ఇంటిపేరు చెక్కిన ముద్ర ఏరుకొచ్చేది. ఎవరి బదులు ఎవరు ముద్ర వేసినా ఎవరూ అడగరు. కొరియర్ వాడొస్తే భర్త ముద్ర భార్య వేస్తుంది, బడి నుంచి చీటీ వస్తే తండ్రి ముద్ర తల్లి వేస్తుంది. ఇదీ అలాంటిదే అనుకుంది. ఇరోహ బడికి వెళ్ళేసరికి పది కాగితాలు పూర్తయ్యాయి.

పదకొండో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. షిజిమ.

ఆయన వచ్చి నెల కాలేదు. స్టేషన్ వెనక పార్కులో అట్టముక్కల మీద పడుకుని ఉంటే కోహెయ్ వేడన్నం పెట్టి, దుప్పటి కప్పి, వ్యాన్‌లో తీసుకొచ్చాడు. కోహెయ్ ఉద్యోగమే అది. నత్సుహో దుకాణానికి పరిగెత్తి స్టాండు రెండు సార్లు తిప్పి చూసింది. షిమదాలు ఉన్నారు, షిబతాలు ఉన్నారు, షిజిమ లేడు. ఆర్డరిస్తే రెండు వారాలు పడుతుందని దుకాణం పిల్ల చెప్పింది.

"బొటనవేలు వేయించు," అంది తొమి. "ఇంటిపేరు ఎంత గొప్పదైనా వేలు అందరికీ ఒకటేగా."

అలా నత్సుహో మొదటిసారి ఒక ఒప్పందం కాగితం పట్టుకుని, అది ఎవరిదో ఆ మనిషి గదికి వెళ్ళింది.

షిజిమ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై రెండేళ్ళు. ఎడమ కన్ను పూర్తిగా తెల్లబడింది, కుడి కన్ను కూడా ఆ దారిలోనే ఉంది.

"తాతయ్యా, ఇక్కడ వేలు వేయాలంట."

"ఏం రాసుంది అందులో?"

నత్సుహో కాగితం చూసింది. ఆమెకు ఫోన్లో కబుర్లు, బొమ్మల కథలు, కూరగాయల ధరలు బాగానే చదవడం వచ్చు. ఆఫీసు భాష మాత్రం ముళ్ళకంపలా ఉంటుంది. అక్కడక్కడా ఇల్లు, నెల, డబ్బు అనే మాటలు గుర్తుపట్టగలిగింది.

"ఇల్లు గురించి తాతయ్యా. మామూలుదే."

"మామూలుదైతే చదువు."

"నాకు... అన్నీ రావు."

ఆయన వెక్కిరించలేదు. అరచెయ్యి చాపాడు. "నీకు కళ్ళున్నాయి, నాకు అక్షరాలున్నాయి. రానిది నా చేతిలో గియ్యి. నలభై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాశాను. గీత తెలిస్తే మాట తెలుస్తుంది."

నత్సుహో మోకాళ్ళ మీద కూర్చుని, చూపుడువేలుతో ఆయన అరచేతిలో మొదటి అక్షరం గీసింది.

"మెల్లిగా. చక్కిలిగింతలు పెడుతున్నావు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఇంకోసారి. చివరి గీత నిటారుగా దిగిందా, కొక్కెంలా తిరిగిందా?"

"తిరిగింది."

"ఊఁ. పక్కది?"

"దీనికి చాలా గీతలున్నాయి తాతయ్యా. మర్చిపోతానేమో."

"మర్చిపోతే పర్లేదు. నేనొకసారి పళ్ళ డాక్టరు పేరులో ఒక గీత మర్చిపోయాను. ఆయన పదకొండేళ్ళు ఆ బోర్డు కిందే పళ్ళు పీకాడు, ఎవరికీ నొప్పి తగ్గలేదు, పెరగలేదు."

అలా ఇద్దరూ మధ్యాహ్నం వరకూ కూర్చున్నారు. మొదటి వాక్యానికే అరగంట పట్టింది. *నాకు అందే భృతి మొత్తాన్ని ఈ ఇంటికి అప్పగిస్తాను.* రెండోది: *ఇల్లు విడిచి వెళ్ళాలంటే నిర్వాహకురాలి అనుమతి తీసుకుంటాను.* మూడోది: *పాస్‌బుక్కు, ముద్ర నా ఇష్టంతోనే ఇచ్చాను, తిరిగి అడగను.*

నత్సుహో వేలు ఆగిపోయింది. పొద్దున ఇలాంటివి పదింటి మీద ముద్ర వేసింది. ఆ పదిమందిలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. తనకూ తెలియదు. తెలియకుండా చేస్తే అది తప్పవుతుందా? అవదేమో. అవుతుందేమో. అత్తయ్యకు తెలుసు కదా, అత్తయ్య తప్పు చేయించదు కదా.

"కింద ఇంకేదో ఉన్నట్టుందే," అన్నాడు షిజిమ.

కింద ఉన్నది, పొద్దున ముద్రలు వేసే హడావుడిలో చూడనిది, ఆమె ఎవరి సాయం లేకుండానే చదివింది. నిర్వాహకురాలు అన్న మాట పక్కన, ముద్రలు భద్రపరిచే వ్యక్తి అన్న చోట, ఉన్నది తొమి పేరు కాదు. నత్సుహో పేరు.

ఒక పేరుందని ఆమె చెప్పగానే ఆయన అడిగాడు. "ఎవరి పేరు?"

"నాది."

"అయితే నువ్వే అన్నమాట యజమానివి."

"నేను కాదు తాతయ్యా, నేను వంట చేస్తాను."

"కాగితం నువ్వే అంటోంది." ఆ గొంతులో కోపం లేదు, అదే ఆమెకు భరించడం కష్టమైంది. "నా కంటికి ఆపరేషన్ చేస్తామన్నారమ్మా ఆసుపత్రిలో. మీ అత్తగారిని అడిగితే, ముందీ కాగితం పని కానివ్వండి చూద్దాం అంది. నా పాస్‌బుక్కు ఎక్కడుందో నాకు తెలీదు. నేనేం గొప్ప కోరికలు కోరను. నా తలుపుకి తాళం నా దగ్గరుండాలి. అంతే."

"అత్తయ్యను అడుగుతాను."

"అడుగు. వేలు మాత్రం వెయ్యను."

నాలుగింటికి కోహెయ్ వ్యాన్ వచ్చి ఆగింది. తొమి వంటింట్లో ముల్లంగి చెక్కు తీస్తోంది. బయట వాకిట్లో ఇరోహ తాడాట ఆడుతూ అంకెలు పైకి చదువుతోంది. నత్సుహో కాగితం తెచ్చి ముల్లంగి పక్కన పెట్టింది.

"వేలు వేశాడా?" అంది తొమి, తల ఎత్తకుండానే.

"లేదు. చదివించుకున్నాడు."

"ఎవరితో?"

"నాతో."

తొమి కత్తి కింద పెట్టింది. కోహెయ్ చెప్పులు విప్పుతున్నవాడు అక్కడే ఆగిపోయాడు.

"అత్తయ్యా, ఇందులో నా పేరు ఎందుకుంది?"

"ఉంటే ఏమైంది? రేపు నేను పోతే ఈ ఇల్లు ఎవరు నడుపుతారు? కోహెయ్ నడుపుతాడా? వాడికి వ్యాన్ తిప్పడమే సరిగ్గా రాదు, పోయినవారం పక్కింటివాళ్ళ పూలకుండీ మీదకెక్కించాడు. నిన్ను పెద్ద చేశాననుకో."

"నన్ను అడగలేదు."

"అడిగితే వద్దంటావా?"

"అననేమో. కానీ అడగలేదు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పొద్దున వచ్చిన కవర్లో ఏముంది? పీక్కుతినేవాళ్ళంటే ఎవరు? ముద్రలు దాచుకోవడం, గది వదిలి పోనివ్వకపోవడం, ఇవేనా?"

"పీక్కుతినడమా?" తొమి నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఆ పార్కులో జనవరిలో ఎంతమంది చలికి చచ్చారో నీకు తెలుసా? మా వాళ్ళు ఒక్కరు చచ్చారా? పైన పోయిన కమెయి తాతకి అగరొత్తులు ఎవరు కొన్నారు? ఆయన కొడుకు వచ్చాడా? వచ్చి పాస్‌బుక్కు ఏదని అడిగాడు, అంతే. ఆ డబ్బు వాళ్ళ చేతికిస్తే రెండో రోజుకి సారా దుకాణానికి, మూడో రోజుకి పందేలకి. మూడు పూటలా తిండి పెట్టి, బట్టలుతికి, స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టి... దానికి జైలా?"

అదంతా నిజమే. అదే నత్సుహోకు అర్థం కాలేదు. అది నిజమే, ఈ కాగితమూ నిజమే. రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి చేత్తో ఎలా జరిగాయి?

"మరి తాతయ్య కంటి ఆపరేషన్?"

"చేయిస్తాను. కాగితం అయ్యాక."

"కాగితం కాకపోతే?"

తొమి మళ్ళీ ముల్లంగి అందుకుంది. జవాబు చెప్పింది కోహెయ్.

"అమ్మకి రెండేళ్ళ కిందట ఒక హెచ్చరిక వచ్చింది," అన్నాడు చెప్పుల వైపు చూస్తూ. "ఇంకోసారి అమ్మ పేరు మీద దొరికితే కేసే. అందుకని నీ పేరు..."

"నీకు తెలుసా?"

అతను విప్పిన చెప్పులు జత చేసి పెడుతున్నాడు.

"నీకు తెలుసా కోహెయ్?"

"తెలుసు. చిన్న పిల్లలున్న తల్లిని జైల్లో పెట్టరని కాగితాలు రాసే ఆయన చెప్పాడు."

వాకిట్లో ఇరోహ అరవై మూడు, అరవై నాలుగు అంటోంది. నత్సుహో కుర్చీ వీపు పట్టుకుంది. 

"నన్ను పెట్టరు," అంది. "ఇరోహను పెడతారు. అమ్మ పోలీస్ స్టేషన్లో ఉంది, నాన్నా నానమ్మా కూడా కేసులో ఉన్నారు, పిల్లను చూసేవాళ్ళెవరు అని ఒకావిడ వస్తుంది. చాలా మంచావిడ. చేతిలో బొమ్మ పెడుతుంది. కొద్దిరోజులే అంటుంది. నాకు ఐదేళ్ళప్పుడు వచ్చింది. కుందేలు బొమ్మ ఇచ్చింది. కొద్దిరోజులే అంది." ఊపిరి తీసుకుంది. "పన్నెండేళ్ళున్నాను అత్తయ్యా."

తొమికి ఈ సంగతి తెలియదు. ఎనిమిదేళ్ళలో నత్సుహో చెప్పలేదు, ఆమె అడగలేదు. అడగకపోవడమే దయ అనుకున్నారు ఇద్దరూ.

ఆ రోజు నుంచి బుధవారం దాకా ఇంట్లో వంట, వడ్డన మాటలే నడిచాయి. ఉప్పు అందుకో, ఆ గిన్నె తియ్యి, అంతవరకే. తొమి ఒక్క హాస్యం ఆడలేదు. పైన ఒగురి అనే ముసలాయన భోజనం దగ్గర, "ఏమ్మా, మీ అత్త నోరు రిపేరుకిచ్చారా?" అని అడిగితే ఎవరూ నవ్వలేదు.

గురువారం పొద్దున, ఇరోహ బడికి వెళ్ళగానే, నత్సుహో డబ్బా తీసుకుని మెట్లెక్కింది. తొమి కింద నుంచి చూస్తూనే ఉంది. ఆపలేదు.

ముద్రలు, పాస్‌బుక్కులు ఎవరివి వాళ్ళ చేతిలో పెడితే సంతోషిస్తారనుకుంది. అలా జరగలేదు. ఒకాయన పాస్‌బుక్కు చూడగానే తనను వెళ్ళగొడుతున్నారనుకుని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఒకాయన అటూ ఇటూ తిప్పి, ఇది తనది కాదు, తన ఫొటో ఏదీ అన్నాడు. ఒగురి చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు.

"నాకొద్దమ్మా ఇది. నా సంగతి నాకు తెలుసు. సాయంత్రానికల్లా తాగేస్తాను."

"మీ ఇష్టం తాతయ్యా. మీదే కదా."

"నాదే, కాదన్నానా? నాది నీ దగ్గరుంచు. పెద్ద చట్టం తెలిసినట్టు మొహం పెట్టుకుని వచ్చావు, ముసలాడి మాట వినవా?"

నత్సుహో మెట్ల మీద కూర్చుండిపోయింది. తీసుకుంటే నేరం. ఇస్తే ఈయన తాగుతాడు. ఏది మంచి? ఎవరిని అడగాలి? చివరికి ఒగురి పాస్‌బుక్కు ఆయన దిండు కింద తనే పెట్టి, "ఆఫీసు ఆవిడ వచ్చేదాకా ఇక్కడుంచండి, తర్వాత ఆవిడనే అడుగుదాం" అంది. ఆయన దిండు మీద కూర్చుని కదల్లేదు.

షిజిమ తన పాస్‌బుక్కును వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. కృతజ్ఞతలేమీ చెప్పలేదు. ఒక కాగితం సంచీ ఉందా అని మాత్రం అడిగాడు.

పదింటికి వార్డు ఆఫీసు నుంచి మియొషి అనే ఆమె వచ్చింది. నలభై దాటని మనిషి, పొట్టి జుట్టు, చెప్పులు విప్పి గుమ్మం వైపు తిప్పి పెట్టడంలో కూడా ఒక పద్ధతి. భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాగితాలు ముందు పెట్టుకుంది.

"నిర్వాహకురాలు నత్సుహో గారు. మీరేనా?"

నత్సుహో నోరు విప్పబోయింది. అవునంటే ఏమవుతుందో తెలుసు. కాదంటే అత్తగారిని పట్టించినట్టు. 

తొమి ఏప్రన్ విప్పి కుర్చీకి వేసింది. వచ్చి కాగితం తన వైపు లాక్కుంది. ఇరోహ చదువుకునే బల్ల మీది స్కేలు అందుకుని, నత్సుహో పేరు మీద రెండు గీతలు గీసింది. పక్కన తన పేరు రాసింది. రాత తప్పైతే రెండు గీతలు కొట్టి, ముద్ర వేసి దిద్దడం అక్కడ అందరికీ తెలిసిన పద్ధతే. జేబులోంచి తన ముద్ర తీసి ఆ గీతల మీద వేసింది. పదకొండు కాగితాల మీదా అలాగే వేసింది. 

"ఇప్పుడిలా దిద్దడం కుదరదండీ," అంది మియొషి.

"కుదరకపోతే కేసులో అది కూడా రాసుకోండి. రాసింది నేను, రాయించింది నేను. ఈ పిల్లకి ఇందులో సగం మాటలు చదవడం రాదు. ఈ పిల్లని పెట్టుకుని ముసలాళ్ళని మోసం చేశాను. ఈ పిల్లని కూడా మోసం చేశాను."

"అమ్మా," అన్నాడు కోహెయ్.

"నువ్వు ఊరుకో. నీ సంగతి కూడా చెప్తాను, తొందరపడకు."

మియొషి కాగితాలన్నీ ఒకచోట చేర్చి పెట్టుకుంది. తర్వాత ఒక్కో గదికీ వెళ్ళి, ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. ఇక్కడే ఉంటారా, వేరే చోటు కావాలా? ఏడుగురు ఇక్కడే ఉంటామన్నారు. ముగ్గురు ఏ మాటా చెప్పలేకపోయారు. షిజిమ మాత్రం అప్పటికే కాగితం సంచీలో బట్టలు పెట్టుకుని, చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. "అమ్మాయ్, నీ మీద నాకేం కోపం లేదు. కానీ నేనిక్కడ ఉండను."

"కంటికి ఆపరేషన్ అయ్యాక ఒకసారి చెప్పండి తాతయ్యా."

"చూస్తాను," అన్నాడు. మియొషి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

ఆ తర్వాత నెలల తరబడి జరిగింది నత్సుహోకు సరిగ్గా గుర్తులేదు. పోలీస్ స్టేషన్‌కు రెండుసార్లు పిలిచారు. ఒకే ప్రశ్న పది రకాలుగా అడిగారు. మీకు తెలుసా, తెలియదా? తెలిసేదా, తెలుసుకోవద్దనుకున్నారా? ఆ చివరి ప్రశ్నకు ఆమె దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆమె మీద కేసు పెట్టలేదు. ఇరోహను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. కోహెయ్ పేరు మీద వార్డు ఆఫీసు ఒక హెచ్చరిక రాసింది. తొమికి కోర్టు ఏడాది జైలు వేసి, మూడేళ్ళలో మరో తప్పు చేయకపోతే లోపలికి వెళ్ళక్కర్లేదంది. హిదమారి బోర్డు దించేశారు. పైన ఉన్నవాళ్ళను వార్డు ఆఫీసు వేర్వేరు చోట్లకు పంపింది. కోహెయ్ వ్యాన్ అమ్మేసి పార్సిళ్ళు పంచే పనిలో చేరాడు. క్షమించమని నోటితో అడగలేదు. నెల రోజులు ఇరోహను బడికి తనే నడిపించుకెళ్ళాడు, దారిలో ఆ పిల్ల చెప్పే కబుర్లన్నీ ఇంటికొచ్చి నత్సుహోకు అప్పజెప్పేవాడు. అతనికి చేతనైంది అదే.

తీర్పు చెప్పిన రోజు అత్తాకోడళ్ళు రైల్లో పక్కపక్కన కూర్చుని ఇంటికొస్తున్నారు. ఎండ కాళ్ళ మీద పడుతోంది. తొమి కిటికీ వైపు చూస్తూ అంది.

"నీ పేరు రాసినప్పుడు నాకేమనిపించిందో తెలుసా?"

"చెప్పకండి అత్తయ్యా. అయిపోయింది కదా."

"ఏమీ అనిపించలేదు. పెరుగు డబ్బా మీద తారీఖు రాసినట్టు రాశాను." సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "ఆ ముసలాళ్ళ విషయంలో కూడా మొదట్లో ఏదో ఒకటి అనిపించేది. ఎప్పుడు పోయిందో తెలీలేదు. జైలంటే భయం లేదే నాకు. అది తలచుకుంటేనే భయం."

నత్సుహో ఏడ్చింది. రైల్లో జనం అటు తిరిగి కూర్చున్నారు. తొమి సంచీలోంచి తువ్వాలు తీసి ఆమె ఒళ్ళో పడేసి, "ముక్కు తుడుచుకో. కుందేలు కథ ఎనిమిదేళ్ళు దాచావు, మహా గట్టిదానివి. ఇప్పుడేమో ఊరంతా చూసేట్టు" అంది. తర్వాత తనే ఆ తువ్వాలు సగం లాక్కుని కళ్ళు ఒత్తుకుంది.

మరుసటి వారం నత్సుహో వార్డు ఆఫీసుకు వెళ్ళింది. కౌంటరు అవతల మియొషి ఉంది.

"షిజిమ తాతయ్య ఎలా ఉన్నారో తెలుసుకుందామని."

"భృతి అందుతోంది. వేరే గదిలో ఉన్నారు."

"ఎక్కడ?"

"అది చెప్పకూడదు నత్సుహో గారు. తీర్పులో ఉంది, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళను మీ కుటుంబం వెతుక్కుంటూ వెళ్ళకూడదు. వాళ్ళ రక్షణ కోసమే."

"ఆపరేషన్ అయిందో లేదో అది ఒక్కటి..."

"అదీ చెప్పకూడదు." మియొషి గొంతు తగ్గించింది. "నా ఒక్కదాని కింద తొంభై ఏడుగురున్నారండీ. నెలకొకసారి అందరినీ చూడాలని ఉంటుంది. ఉంటుంది అంతే."

నత్సుహో బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. ఆమెకు ఆ చట్టం మీద కోపం రాలేదు. అది లేకపోతే ఆ పదకొండు కాగితాలు ఇంకా అల్మరాలోనే ఉండేవి. కానీ కోరుకున్నట్టే తాళం తన దగ్గరే ఉన్న గదిలో ఆ ముసలాయన, చూపు లేకుండా, ఒక్కడే. తాళం లోపలి నుంచి వేసుకుంటే, బయట నుంచి పలకరించేవాళ్ళెవరు?

నత్సుహో వెళ్ళకూడదు. మీకు ఆ అడ్డు లేదు. ఒసాకాలో ఉండేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ మేడలో ఏదైనా గదిలోకి ఎడమ కన్ను తెల్లబడ్డ ముసలాయన ఎవరైనా కొత్తగా దిగారేమో చూడండి. మాట తక్కువ, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. తలుపు తట్టండి. తీసేదాకా కాస్త ఆగండి, ఆయన నెమ్మదిగా వస్తాడు. తిన్నారా అని, కంటికి ఆపరేషన్ అయిందా అని అడగండి. ఎవరు పంపారని అడిగితే, ఎవరూ పంపలేదని చెప్పండి.